అందరూ కాకులమెట్టకే

రాజమండ్రిలోని జలకంఠ పంపుల కంపెనీలో పనిచేసేవాళ్ళకి ఒక పట్టింపు ఉండేది. సొంత డబ్బుతో టికెట్టు కొని ఊరెళ్ళడమంటే వాళ్ళకి పెళ్ళికి వెళ్ళి చెప్పులు పోగొట్టుకుని వచ్చినంత నామోషీ. అలాగని ఊళ్ళు తిరగనివాళ్ళు కారు. మేనత్త మనవడి అన్నప్రాశనకీ, తోడల్లుడి గృహప్రవేశానికీ, తిరుపతి మొక్కుకీ అందరూ వెళ్ళేవాళ్ళే. కాకపోతే వెళ్ళబోయే ముందు ఆ ఊళ్ళో కంపెనీ పంపు ఒకటి పాడయ్యేది. ఇంకేముంది, టూరు. మాఘమాసంలో, శ్రావణమాసంలో, మంచి ముహూర్తాలున్న రోజుల్లో జలకంఠ పంపులు జట్లు జట్లుగా చెడిపోయేవి. మూఢంలో మాత్రం ఒక్కటంటే ఒక్కటి చెడేది కాదు.

ఈ విద్యలో ఆరితేరినవాడు సేల్స్ ఆఫీసరు ఉప్పులూరి జోగారావు. ముప్పై దాటిన బ్రహ్మచారి. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ జేబులోంచి తీసి ఒక్క టికెట్టు కొన్న పాపాన పోలేదు. "ఎవరో ఒకరు పంపితే వెళ్ళాలి గానీ, మనంతట మనం వెళ్ళిపోవడమేంటండి, పనీ పాటా లేనోళ్ళలాగ" అనేవాడు కాలరు సర్దుకుంటూ.

అలాంటివాడి మనసు నెల్లూరులో చిక్కుకుంది. అక్కడి డీలరు కొట్లో కూర్చుని ఉండగా, పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం చేసే సువర్చల అనే అమ్మాయి వచ్చింది. కొంగు నడుముకి దోపుకుని, మొహమాటం లేకుండా మొదలుపెట్టింది.

"మీ పంపు పాట బాగా పాడతా ఉందండీ. నీళ్ళొక్కటే రావడంలా. మా గేదెలు పాట వింటా నిలబడుకోనుండాయి."

జోగారావు అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళి, తెల్లచొక్కా మసి చేసుకుని, పంపు విప్పి బిగించాడు. అంతసేపూ ఆ అమ్మాయి పక్కనే నిలబడి "ఆ బోల్టు మర్చిపోయినారు, ఇదిగో", "ఇంకోటి గూడా ఉంది, చూడండి" అంటూనే ఉంది. అతడికి అది సంగీతంలా వినిపించింది. ఇంటికొచ్చి తల్లి మాణిక్యమ్మతో చెప్పాడు. ఆవిడ డీలరు చేత కబురు పెట్టించింది. అమ్మాయి తండ్రి పెంచలయ్య కాలవల డిపార్టుమెంటులో చేసి రిటైరైన మనిషి. సరే, వచ్చే గురువారం పిల్లని చూసుకోవడానికి రమ్మన్నాడు. "కావలి వాళ్ళు సంబంధం అడగతా ఉండారు. ఆలస్యం చెయ్యబాకండి" అని కూడా అన్నాడు.

ఇక నెల్లూరులో ఒక పంపు పాడవడమే తరువాయి. సరిగ్గా ఆ వారమే కంపెనీకి జ్ఞానోదయమైంది.

జనరల్ మేనేజరు ధర్మాజీరావు గారు లెక్కలు తిరగేస్తూ ఉంటే, తిరుపతిలో అమ్మిన పంపుల కంటే తిరుపతిలో పాడైన పంపులు ఎక్కువగా ఉన్నాయి. ఆయన వెంటనే ఉద్యోగుల ప్రయాణాలకి టికెట్లు ఎలా కొనాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. అందులో కొనుగోళ్ళ ఆఫీసరు నూకరాజు, సేల్స్ తరఫున జోగారావు, హైదరాబాదు నుంచి పిలిపించిన ప్రద్యుమ్న అనే సలహాదారు ఉన్నారు. ప్రద్యుమ్న వయసులో చిన్నవాడే గానీ మాటలో బొత్తిగా పెద్దవాడు.

"ప్రయాణ నిర్వహణ అనేది ఒక సంస్థ పరిపక్వతకు కొలమానం సార్. మన ముందు మూడు మార్గాలున్నాయి. ఉద్యోగి తన టికెట్టు తానే కొని బిల్లు పెట్టుకోవడం ఒకటి."

"అది ఇప్పుడు ఉన్నదే. దాని ఫలితాలు తిరుపతిలో చూశాం" అన్నారు ధర్మాజీరావు గారు.

"రెండోది, ఒక ట్రావెల్ ఏజెంటుకి అప్పగించడం."

"ఏజెంటు కూడా మనిషే కదా. వాడికీ బావమరుదులుంటారు."

"మూడోది సుగమ అనే కంప్యూటరు వ్యవస్థ సార్. టికెట్టు అదే వెతుకుతుంది, అదే ఎంచుతుంది, అదే కొంటుంది. దానికి బంధువులు లేరు."

ధర్మాజీరావు గారు కుర్చీలో ముందుకి వంగారు. "బంధువులు లేకపోవడం చాలా విశిష్టమైన అర్హత. దీన్నే నియమిద్దాం."

నియమించాక, దానికి ఏం చెప్పి పని చేయించాలన్న చర్చ వచ్చింది. అన్నిటికంటే చవకైన టికెట్టు కొనాలి, అంతే. దీంట్లో ఎవరికీ పేచీ లేదు. ప్రద్యుమ్న ఒక చిక్కు చెప్పాడు. ఉద్యోగుల ఇష్టాయిష్టాలు అడ్డం పడితే చవకదనం దెబ్బతింటుందట. అయితే వాటిని ఒక్కొక్కటే తీసేద్దామన్నారు ధర్మాజీరావు గారు.

"కిటికీ సీటు ఎందుకు?"

"గాలికండి" అన్నాడు నూకరాజు.

"గాలి ఫ్యాక్టరీలో కూడా ఉంది. తీసెయ్యండి. కింది బెర్తు?"

"మోకాళ్ళండి మరి."

"మోకాళ్ళు వ్యక్తిగతం. తీసెయ్యండి. పొద్దుటి బండా, సాయంత్రం బండా అన్నది?"

"అదీ వ్యక్తిగతమే సార్" అని ప్రద్యుమ్న తనే కొట్టేశాడు.

నూకరాజు మొహం వాడిపోయింది. అతణ్ణి ఏడిపించడమంటే జోగారావుకి మహా సరదా. నోరు ఊరుకోలేదు.

"ఇంకా ఒకటి మిగిలిందండోయ్. వెళ్ళే ఊరు. నూకరాజుగారు నెలనెలా విశాఖపట్నమే అంటారు, అత్తారూరు కదండీ. అదీ ఇష్టం కిందికే వస్తుంది కదండీ మరి."

నూకరాజు పళ్ళు నూరాడు. మిగతావాళ్ళు నవ్వారు. ధర్మాజీరావు గారు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"జోగారావు తేలిగ్గా అన్నాడు గానీ అందులో మౌలికమైన అంశం ఉంది."

"నిస్సందేహంగా సార్. గమ్యస్థానం కూడా ప్రయాణికుడి అభిరుచే. దాన్ని తొలగిస్తే వ్యవస్థకి సంపూర్ణ స్వేచ్ఛ లభిస్తుంది" అన్నాడు ప్రద్యుమ్న.

జోగారావు "హాస్యానికన్నానండి" అని గొణిగాడు.

"నీ వినయం నాకు తెలుసు. ఈ సవరణ నీ పేరు మీదే నమోదు చేయిస్తాను."

ఆ విధంగా, ఎవరు ఏ ఊరు వెళ్ళాలన్నా సరే, టూరు అనిపించుకోవడానికి కావలసిన కనీస దూరం దాటగానే ఎక్కడికి టికెట్టు చవకో అక్కడికే పంపాలని సుగమకి చెప్పారు. అది ఇట్టే వెతికి పెట్టింది. అన్నవరం దగ్గర కాకులమెట్ట అనే స్టేషను. ప్యాసింజరు బండి తప్ప ఇంకేదీ ఆగదు. అదైనా ఆగిందో లేదో అన్నట్టు ఆగుతుంది.

గురువారం వచ్చింది. జోగారావు నెల్లూరు పంపు పాడైందని రాసిచ్చాడు. కాకులమెట్ట టికెట్టు వచ్చింది. మాణిక్యమ్మ కొడుకు వంక ఎగాదిగా చూసింది.

"ఒరేయ్ జోగీ, నెల్లూరు ఆ పక్కన గదరా. బస్సెక్కి ఎల్లిపో."

"సొంత డబ్బులతోనా? ఆఫీసులో తెలిస్తే తలెత్తుకోగలనా అమ్మా? ఎక్కడో అక్కడికి పంపుతున్నారు కదా, అక్కణ్ణుంచి ఇంకోటి రాసిచ్చి నెల్లూరు వెళ్తాను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది మాణిక్యమ్మ, లోపలికి పోతూ.

కాకులమెట్టలో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద నూకరాజు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. అతడు వెళ్ళవలసింది రాయపూరు. వేపచెట్టు కింద ఇద్దరు ఇంజినీర్లు పడుకున్నారు. వాళ్ళు హుబ్లీ వెళ్ళవలసినవాళ్ళు. టీకొట్టు గవిరమ్మ ఇంతమంది చొక్కాలు టక్కు చేసుకున్నవాళ్ళని జన్మలో ఒక్కచోట చూడలేదు.

"ఏటి బాబూ, ఈ ఊళ్ళో పెళ్ళేటైనా ఉందా? నాకు సెప్పనేదే?"

"పెళ్ళి కాదమ్మా, ఉద్యోగం" అన్నాడు నూకరాజు. జోగారావుని చూసి వెటకారంగా దణ్ణం పెట్టాడు. "రండి సార్, రండి. తమరి సవరణ తాలూకు ఊరు ఇదే. ఎలా ఉందండి? నచ్చిందా?"

జోగారావు అక్కణ్ణుంచి ఇంకో టూరు రాసిస్తే సుగమ ఠక్కున జవాబిచ్చింది: మీరు ఇప్పటికే అత్యంత చవకైన చోట ఉన్నారు, అభినందనలు. ఈలోగా పెంచలయ్య ఫోను చేశాడు.

"అబ్బాయ్, యాడుండావు? ఇంట్లో బజ్జీలు చల్లారిపోతా ఉండాయి."

"వస్తున్నానండి. కాకులమెట్టలో ఉన్నానండి."

"అదేడుండాది?"

"అన్నవరం దగ్గరండి."

పెంచలయ్య దిక్కులు లెక్క కట్టుకున్నాడు. "నెల్లూరికి రావాలంటే దక్షిణంగా రావాల గదబ్బా. నువ్వు ఉత్తరంగా పోయినావే."

"కంపెనీ పంపిందండి."

"మా పిల్లను చూసేదానికి నిన్ను నేను పిలిచినానా, కంపెనీ పిలిచిందా?" అని ఫోను పెట్టేశాడు.

తిరిగొచ్చి జోగారావు జనరల్ మేనేజరు గారి దగ్గర మొర పెట్టుకుందామనుకున్నాడు. ఆయన గదిలో స్వీట్లు పంచుతున్నారు. ప్రయాణాల ఖర్చు పాతాళానికి పడిపోయిందట.

"అమ్మకాలు కూడా పడిపోయాయి కదండీ" అన్నాడు జోగారావు.

"అమ్మకాలు ఈ కమిటీ పరిధిలోకి రావు" అన్నారాయన లడ్డు అందిస్తూ.

ఊళ్ళల్లో డీలర్లు తిట్టిపోస్తున్నారంటే, ఆయన దానికీ మార్గం ఆలోచించారు. ఉద్యోగులందరూ ఒకేచోటికి వెళ్తున్నప్పుడు డీలర్లు అక్కడికి వచ్చి కలవడమే మర్యాద. డీలర్లందరికీ ఆ మేరకు ఉత్తరువులు వెళ్ళాయి. కాకులమెట్టలో రోజూ ఇంతమంది చేరుతున్నారు కాబట్టి ఒక గెస్ట్‌హౌసు కట్టారు. గెస్ట్‌హౌసు ఉంది కాబట్టి ఒక ఆఫీసు పెట్టారు. ఆఫీసు ఉంది కాబట్టి దాని మీద 'ప్రాంతీయ సమన్వయ కేంద్రం' అని బోర్డు కట్టారు. సవరణ అతడిదే కాబట్టి జోగారావుని దానికి అధిపతిని చేశారు. గవిరమ్మ టీకొట్టు కాస్తా హోటలైంది, పెసరట్టు ఉప్మాతో సహా.

ఆ మధ్య పొదుపుగా ప్రయాణాలు చేయించినందుకు ధర్మాజీరావు గారికి ఢిల్లీలో ఎవరో బహుమతి ఇస్తామన్నారు. ఆయన నియమం తప్పే మనిషి కాదు. సుగమని అడిగారు. సూటూ బూటూ వేసుకుని కాకులమెట్టలో దిగి, ప్లాట్‌ఫారం మీదనుంచి ఢిల్లీ సభకి ఫోనులో ఉపన్యాసమిచ్చారు. మధ్యలో గూడ్సు బండి వచ్చి ఉపన్యాసం అర్ధభాగం తొక్కుకుంటూ పోయింది. అక్కడ ఢిల్లీలో బాగా చప్పట్లు కొట్టారని తరవాత తెలిసింది.

ఇన్నాళ్ళూ జోగారావు నెల్లూరుకి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఎన్నాళ్ళకీ ఆ ఊరి ముఖం చూసే దారి కనిపించలేదు. చివరికి ఒక ఆలోచన తట్టింది. తను వెళ్ళలేకపోతే వాళ్ళనే రమ్మంటే పోలేదా? ఆ మాట వినగానే పెంచలయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "పెళ్ళిచూపులకి ఆడపిల్లను తీసకపోయి స్టేషన్లో నిలబెట్టాల్నా?" అన్నాడు. వెనకనుంచి సువర్చల గొంతు వినిపించింది.

"పోదాం నాయనా. అన్నవరం మొక్కు ఎట్నూ ఉంది. మనుషుల్ని లాక్కుంటా ఉండే ఆ ఊరేందో చూడాలనిపిస్తా ఉంది నాకు."

బుధవారం తండ్రీకూతుళ్ళు కాకులమెట్టలో దిగారు. జోగారావు సమన్వయ కేంద్రం అంతా తిప్పి చూపించాడు. ఒక గదిలో రాయపూరు వెళ్ళవలసిన నూకరాజు పేకాడుతున్నాడు, హుబ్లీ ఇంజినీర్లతో. ఇంకో గదిలో వరంగల్లు డీలరు తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నాడు. గవిరమ్మ ప్రత్యేకంగా బొబ్బట్లు చేసి పెట్టింది.

"అమ్మాయిగోరు సక్కగున్నారు బాబూ. మీరు మాత్రం ఊరికే నిలబడిపోనారు, కూకోండి" అంది ఆవిడ జోగారావుతో.

జోగారావు కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "నేనన్నీ ఆలోచించానండి. ముహూర్తం కుదిరితే పెళ్ళి ఇక్కడే పెట్టుకుందాం. ఆ రోజుకి కేంద్రం వార్షికోత్సవమని రాయిస్తాను. మా వాళ్ళందరూ టూరు మీద వచ్చేస్తారు. గెస్ట్‌హౌసు ఎలాగూ ఉంది."

పెంచలయ్య బొబ్బట్టు నములుతూ ఆగాడు. ఆయన కళ్ళల్లో ఏదో మెరిసింది. "భోజనాలు గూడా కంపెనీదేనా అబ్బాయ్?"

"శిక్షణ తరగతుల కింద పెట్టచ్చండి."

"చెడ్డ ఆలోచన కాదే సువ్వీ" అన్నాడు పెంచలయ్య కూతురితో.

సువర్చల చేతులు కడుక్కుని వచ్చి జోగారావు ఎదురుగా కూర్చుంది.

"ఒక మాట అడగతా, ఏమనుకోబాకండి. ఇప్పుడు మీరు నన్ను చూసినారు గదా. మీరు చూసేదానికి వచ్చినారా, నేనొచ్చి కనపడినానా?"

జోగారావు బొబ్బట్టు పళ్ళెం పక్కకి జరిపాడు.

"మా ఆసుపత్రికి గేదెలు వస్తాయి. ఎవురో ఒకరు తాడు పట్టి తోలకపోతేనే కదలతాయి. వాటి మీద నాకేం కోపం లేదు. కానీ గేదెను పెళ్ళి చేసుకోవాలనైతే లేదు." లేచి చీర దులుపుకుంది. "ఆదివారం పొద్దున కావలి అబ్బాయి వస్తా ఉండాడు. ఎరువుల కొట్టు ఉంది. మోటారు సైకిలు మీద తనే వస్తాడంట. మీరొస్తే మిమ్మల్ని గూడా చూస్తా. రాకపోతే, పంపు బాగుచేసినారు, ఆ మేలు మరిచిపోను."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. శనివారం పొద్దున్నే రాజమండ్రి బస్టాండులో జోగారావు తిరుపతి బస్సు ముందు నిలబడ్డాడు. చుట్టూ ఎవరైనా తెలిసినవాళ్ళున్నారేమోనని దొంగలా చూశాడు. నెల్లూరుకి టికెట్టు అడుగుతుంటే నాలుక తడబడింది. కొనేశాక మాత్రం, భూమి బద్దలైపోలేదు. కిటికీ పక్క సీటు దొరికింది. అదేమిటో, గాలి ఫ్యాక్టరీలో కంటే బాగానే ఉంది.

పక్క సీట్లో ఒక పెద్దమనిషి తల మీదనుంచి తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. ఏలూరు దాటాక ఉక్కపోసి తువ్వాలు తీశాడు. ధర్మాజీరావు గారు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయనే ముందు తేరుకున్నారు.

"జోగారావూ, ఈ బస్సులో నేను లేను."

"నేను కూడా లేనండి."

"మనవడికి పుట్టువెంట్రుకలు, తిరుపతిలో. నాల్రోజులు అక్కడే ఉండాలంటోంది మీ మేడమ్. కాకులమెట్టలో తీయిద్దామంటే వినలేదు." ఆయన నిట్టూర్చి, కాసేపు కళ్ళు మూసుకుని, హఠాత్తుగా తెరిచారు. "అసలు కనీస దూరం అనేది మాత్రం ఎందుకు? అదీ ఒక ఇష్టమే కదా?"

జోగారావు ఈసారి నోరు విప్పలేదు. ఒకసారి విప్పిన పుణ్యానికి ఇన్నాళ్ళూ అనుభవించాడు. ధర్మాజీరావు గారు ఫోను తీసి ప్రద్యుమ్నకి ఉత్తరువు చెప్పడం మొదలుపెట్టారు. తువ్వాలు మళ్ళీ నెత్తి మీదకి చేరింది.

"రాసుకో. సంస్థ ప్రయాణ విధానం తుది దశకు చేరినందుకు సంతోషిస్తూ, కనీస దూరం అనే నిబంధనను రద్దు చేయడమైనది. అన్నిటికంటే చవకైన ప్రయాణం, ఉన్నచోట ఉండటమే. కావున రేపు ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు ఏ ఉద్యోగి ఎక్కడ ఉంటే, తదుపరి ఉత్తరువులు వచ్చేదాకా ఆ ఉద్యోగి డ్యూటీ అక్కడే. అడుగు కదిపినచో సంజాయిషీ. ఏమిటీ? రేపే ఎందుకంటావా? రేపు దివ్యమైన రోజు."

ఫోను పెట్టేసి జోగారావు వైపు చూడకుండా, "తొమ్మిదింటికల్లా కొండ మీద ఉంటాను" అని తనలో తను అనుకున్నారు.

ఆ సాయంత్రం నెల్లూరులో దిగి జోగారావు డీలరు ఇంట్లో తలదాచుకున్నాడు. ఆదివారం పొద్దున పెంచలయ్య ఇంటి ముందుకి వెళ్ళేసరికి మోటారు సైకిలు ఒకటి అప్పటికే ఆగి ఉంది. కావలి అబ్బాయి వరండాలో కూర్చుని ఎరువుల ధరల గురించి పెంచలయ్యకి చెబుతున్నాడు. మనిషి నదురుగానే ఉన్నాడు. జోగారావుకి వెనక్కి పోదామా అనిపించింది కూడా. మెట్టెక్కాడు.

పెంచలయ్య తలెత్తి చూశాడు. "నువ్వా? ఎవురు పంపించినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదండి. నేనే వచ్చాను."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. సువర్చల గుమ్మంలోకి వచ్చి, గడపకి అటువైపు నిలబడింది. ఆమె ఏదో అనబోయేలోపు జోగారావు జేబులో ఫోనుకి మెసేజి వచ్చింది. చదివి, దాన్ని చేతిలోనే పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏందంట?" అంది సువర్చల.

"తొమ్మిదైందండి. ఈ క్షణాన ఎవరు ఎక్కడుంటే అక్కడే ఉండాలట. అడుగు కదపకూడదట. కంపెనీ ఉత్తరువు." అతడి గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు. "అంటే నా ఉద్యోగం ఇక ఇక్కడేనండి. మీ వరండాలో."

కావలి అబ్బాయి ఒకసారి జోగారావునీ, ఒకసారి సువర్చల మొహాన్నీ చూశాడు. ఎరువుల కొట్టు నడిపేవాడు, ఏ నేలలో ఏది మొలుస్తోందో పోల్చుకోలేనివాడు కాదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "కొట్లో పని ఉంది, వస్తా మామా" అని మోటారు సైకిలు ఎక్కాడు.

పెంచలయ్య అతడి వెనకాల వీధి దాకా పరుగెత్తాడు. ఇక ఇద్దరే మిగిలారు.

"మీరు నిలబడుకున్నది మెట్టు మీద గదా. వరండా గూడా కాదు" అంది సువర్చల. "లోపల ఇడ్లీలుండాయి. ఈ గడప దాటినారంటే అది ప్రయాణం కిందికొస్తాదా? మీ వాళ్ళను అడగతారా?"

జోగారావు ఫోను వంక చూశాడు. నోటి దాకా వచ్చిన 'అడుగుతానండి' అన్న మాటని మింగేశాడు. ఫోను వరండా పిట్టగోడ మీద పెట్టి, చెప్పులు విడిచి, గడప దాటాడు.